తెలుగు సినిమా ఆర్కెస్ట్రా సంగీతం

సన్నివేశం వెనక నడిచే వాద్యసంగీతాన్ని సినిమా పరిశ్రమలో రీరికార్డింగ్ అంటారు. ప్రేక్షకుల నోట అది బీజీఎం. వయొలిన్లు, చెల్లోలు, వేణువులు, బాకాలు, డప్పులు, కోరస్ కలిపి పెద్ద ఎత్తున రాసి వాయించినప్పుడు అది ఆర్కెస్ట్రా సంగీతమవుతుంది. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమాకు మాట వచ్చిన నాటి నుంచీ మనవాళ్లు వాద్యబృందాలను వింటూనే ఉన్నారు, అయితే చాలాకాలం పాటల చాటున విన్నారు. పాట లేని సంగీతాన్ని కూడా విడిగా పెట్టుకుని, మళ్లీ మళ్లీ వినే అలవాటు తెలుగునాట బలపడటంలో ముగ్గురు నలుగురు స్వరకర్తల కృషి ఉంది. వారిలో ముందు చెప్పుకోవలసిన ఇద్దరు ఇళయరాజా, కొవ్వూరులో పుట్టిన ఎం.ఎం. కీరవాణి.

కొవ్వూరు నేపథ్యం

కొవ్వూరు గోదావరి కుడిగట్టున, రాజమహేంద్రవరానికి సరిగ్గా ఎదురుగా ఉన్న పట్టణం. గోష్పాద క్షేత్రానికి, రోడ్డు కమ్ రైలు వంతెనకు పేరుపొందింది. పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండే ఈ ఊరు 2022 జిల్లాల విభజనలో తూర్పు గోదావరిలోకి వచ్చింది. సినిమాతో ఈ తీరానికి అనుబంధం పాతదే. అవతలి ఒడ్డున రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య నెలకొల్పిన దుర్గా సినీటోన్‌లో 1936లోనే ‘సంపూర్ణ రామాయణం’ తయారైంది.

కోడూరి కుటుంబం కొవ్వూరుది. ఈ కుటుంబంలో శివశక్తి దత్త గేయరచయిత, ఆయన తమ్ముడు విజయేంద్రప్రసాద్ కథారచయిత. దత్త కుమారుడు కీరవాణి 1961 జూలై 4న కొవ్వూరులో జన్మించారు. విజయేంద్రప్రసాద్ కుమారుడు ఎస్.ఎస్. రాజమౌళి. కీరవాణి తమ్ముడు కల్యాణి మాలిక్, ఆ ఇంటి ఆడపడుచు ఎం.ఎం. శ్రీలేఖ కూడా సంగీత దర్శకులే. కథ రాసేవారు, తీసేవారు, బాణీ కట్టేవారు ఒకే ఇంటివారు కావడం వల్ల, కథ పుట్టేటప్పుడే సంగీతం కూడా చర్చకు వచ్చే వీలు ఈ చిత్రాలకు దొరికింది. ‘స్టూడెంట్ నెం.1’ (2001) మొదలు ‘ఆర్ఆర్ఆర్’ (2022) దాకా రాజమౌళి కథాచిత్రాలన్నిటికీ సంగీతం కీరవాణిదే.

చరిత్ర

మూకీల కాలంలో తెర పక్కన హార్మోనియం, తబలా వాయించేవారు. తొలి టాకీల్లో మాట, పాట, వాద్యం అన్నీ షూటింగులోనే ఒకేసారి రికార్డయ్యేవి. కాబట్టి వాద్యగాళ్లు కెమెరా కంటపడకుండా దగ్గర్లో కూర్చుని వాయించాల్సి వచ్చేది. పాటను ముందే రికార్డు చేసుకునే పద్ధతి వచ్చాక వాద్యబృందం స్టూడియోలోకి చేరింది, పెద్దదైంది.

1950ల్లో మద్రాసు స్టూడియోలు తెలుగు వాద్యసంగీతానికి పాఠశాలలయ్యాయి. సాలూరి రాజేశ్వరరావు ‘మల్లీశ్వరి’ (1951)లో శాస్త్రీయ రాగాన్ని లలితంగా మలిచి వాద్యాల మధ్య ఒదిగించారు. ఘంటసాల ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రాల్లో మాయలకూ మంత్రాలకూ తగిన నాదాలు సృష్టించారు. ఆదినారాయణరావు ‘సువర్ణసుందరి’ (1957)తో హిందీవారిని కూడా మెప్పించారు. ఆయనే 1971లో కృష్ణ కౌబాయ్ చిత్రం ‘మోసగాళ్ళకు మోసగాడు’కు సంగీతం కూర్చడం విశేషం. గిటారు, ఈల, గుర్రపు డెక్కల లయ కలిసిన ఇటలీ వెస్టర్న్‌ల శైలి పల్లెటూరి టెంటు హాళ్ల దాకా చేరిన కాలమది.

కె.వి. మహదేవన్ బాణీ కడితే, వాద్యాల అమరిక పుహళేంది చూసుకునేవారు. ‘శంకరాభరణం’ (1980)లో ఈ జంట పనితనం పరాకాష్ఠకు చేరింది. 1987లో సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ తీశారు. అందులో ఒక్క మాట లేదు. నవ్వు, జాలి, భయం అన్నీ ఎల్. వైద్యనాథన్ సంగీతం ద్వారానే ప్రేక్షకుడికి చేరాయి. నేపథ్య సంగీతం ఎంత బరువు మోయగలదో తెలుసుకోవాలంటే ఇంతకు మించిన ఉదాహరణ తెలుగు ప్రేక్షకుడికి దొరకదు.

ఇళయరాజా ప్రవేశంతో రీరికార్డింగ్ స్వరూపమే మారింది. ఆయన మద్రాసులో ధనరాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. ఒక్కొక్క వాద్యం ఏ క్షణంలో ఏ స్వరం వాయించాలో కాగితం మీద నొటేషన్‌గా రాసి ఇచ్చేవారు. ‘సాగరసంగమం’ (1983), ‘రుద్రవీణ’ (1988) ఆయనకు జాతీయ పురస్కారాలు తెచ్చాయి. ‘గీతాంజలి’, ‘శివ’ రెండూ 1989లోనే వచ్చాయి. మొదటిదాంట్లో మంచు, మృత్యువు, ప్రేమ. రెండోదాంట్లో కాలేజీ గొడవలు, గుండె దడ. ఒకదానికొకటి పొంతన లేని రెండు ప్రపంచాలను ఒకే చేయి, ఒకే ఏడాది స్వరపరిచింది. 1990ల్లో కీబోర్డు, కంప్యూటరు రావడంతో పెద్ద వాద్యబృందాలు తగ్గాయి. మళ్లీ వాటికి గిరాకీ తెచ్చినవి పౌరాణిక, జానపద ఛాయలున్న భారీ చిత్రాలు.

కీరవాణి ప్రస్థానం

చిన్నతనంలో వయొలిన్ నేర్చుకున్న కీరవాణి 1980ల చివర సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకుడిగా చేరారు. విడుదలైన తొలి చిత్రం ‘మనసు మమత’ (1990). రామ్‌గోపాల్ వర్మ ‘క్షణ క్షణం’ (1991) ఆయన్ని ఇంటింటి పేరు చేసింది. తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్ అన్న పేర్లతో పనిచేశారు. ‘అన్నమయ్య’ (1997)కు జాతీయ ఉత్తమ సంగీత దర్శకుడి పురస్కారం అందుకున్నారు.

2022 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ సినీ విమర్శకుల సంఘం ఉత్తమ సంగీత పురస్కారం ‘ఆర్ఆర్ఆర్’కు ప్రకటించింది. 2023 జనవరిలో అందులోని ‘నాటు నాటు’ పాటకు గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ వచ్చాయి. ఆస్కార్‌ను కీరవాణి, గీత రచయిత చంద్రబోస్ కలిసి అందుకున్నారు. అదే ఏడాది కీరవాణికి పద్మశ్రీ వచ్చింది. 2023 ఆగస్టులో ప్రకటించిన 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ‘ఆర్ఆర్ఆర్’ నేపథ్య సంగీతానికి కూడా బహుమతి దక్కింది. పాట గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది. పాట లేని భాగానికి వచ్చిన ఈ గుర్తింపులు తెలుగువారికి అంతే గర్వకారణం. జాతీయ పురస్కారాల్లో పాటలకూ నేపథ్య సంగీతానికీ విడివిడిగా బహుమతులివ్వడం 2009 చిత్రాల నుంచి నడుస్తోంది. తెలుగు చిత్రం ‘నా బంగారు తల్లి’ (2013)కి శంతను మొయిత్రా ఈ నేపథ్య సంగీత పురస్కారం పొందారు.

స్వరనిర్మాణం

కర్ణాటక సంగీతానికీ పాశ్చాత్య ఆర్కెస్ట్రాకూ పొత్తు కుదర్చడం తేలిక కాదు. మన రాగంలో స్వరం ఊగుతుంది, దాన్ని గమకం అంటాం. ఆర్కెస్ట్రా బలమంతా అనేక స్వరాలు ఒకేసారి నిలకడగా పలకడంలో, అంటే కార్డ్‌లో ఉంటుంది. ఊగే స్వరాన్నీ నిలబడే స్వరాన్నీ ఒకే చోట పెడితే అపశ్రుతి వచ్చే ప్రమాదముంది. తెలుగు స్వరకర్తలు దీనికి కనిపెట్టిన దారి చక్కనిది. వయొలిన్ల గుంపు, చెల్లోలు కార్డ్‌ను నిలబెడతాయి. వేణువో, వీణో, గొంతో దాని మీద గమకాలతో విహరిస్తుంది.

రాగాల ఎంపికలోనూ ఈ లెక్క ఉంది. 29వ మేళకర్త శంకరాభరణం స్వరస్థానాలు పాశ్చాత్య మేజర్ స్కేలుతో సరిపోతాయి. 21వ మేళకర్త కీరవాణి హార్మోనిక్ మైనర్‌తో సరిపోతుంది. అందుకే విషాదమూ వీరమూ కలగలిసే ఘట్టాల్లో కీరవాణి రాగచ్ఛాయలు దక్షిణాది సినిమాలో తరచు వినిపిస్తాయి. మన చెవికి అది రాగంగానే అందుతుంది. ఆర్కెస్ట్రాకూ అది కొత్త కాదు.

మరో పనిముట్టు పాత్రకొక బాణీ. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపేరాల్లో స్థిరపడిన ఈ పద్ధతిని హాలీవుడ్ అందిపుచ్చుకుంది. ‘కింగ్ కాంగ్’ (1933)కి మాక్స్ స్టైనర్, ‘జాస్’ (1975), ‘స్టార్ వార్స్’ (1977)లకు జాన్ విలియమ్స్ దీన్నే వాడారు. జాస్‌లో రెండే రెండు స్వరాలు చాలు, సొరచేప కనిపించకపోయినా హాలంతా బిగుసుకుపోతుంది. మనకు ఇదీ మరీ కొత్తదేం కాదు. యక్షగానంలో, వీధి భాగవతంలో పాత్ర రంగం మీదికి రాకముందే ప్రవేశ దరువు దాని రాకను చాటుతుంది. సినిమాలో హీరో వచ్చేటప్పుడు మోగే బాణీని ప్రేక్షకుడు వెంటనే పట్టుకోవడానికి ఈ పాత అలవాటు తోడ్పడింది.

ఎక్కువగా వినే సంగీతాలు

‘ఈగ’ (2012). కథానాయకుడు మొదటి భాగంలోనే చనిపోయి ఈగగా పుడతాడు. ఈగకు మాట లేదు, ముఖకవళికలు లేవు. అది కోపంగా ఉందో, ఏడుస్తోందో, ఎత్తు వేస్తోందో చెప్పే పని చాలావరకు సంగీతం మీద పడింది. వేళ్లతో తీగ మీటుతూ వయొలిన్లు చిన్న చిన్న అడుగులు వేస్తే అది ఆలోచన. తీగల గుంపు ఒక్కసారిగా పైస్థాయికి ఎగబాకితే అది పగ. పిల్లలు సైతం పొరపాటు పడకుండా ఈగ మనసును చదివారంటే, ఘనత గ్రాఫిక్సుకు ఎంతో సంగీతానికీ అంతే.

‘బాహుబలి: ది బిగినింగ్’ (2015), ‘బాహుబలి: ది కన్‌క్లూజన్’ (2017). తెలుగులో అత్యధికంగా విడిగా వినే నేపథ్య సంగీతం బహుశా ఇదే. జలపాతం ఎక్కే ఘట్టంలోని ‘ధీవర’ను గమనించండి. ముందు స్త్రీ గొంతు పిలుపులా వినిపిస్తుంది. కింద తాళవాద్యం ఒక్కొక్క అడుగుకూ బలం చేకూరుస్తుంది. పట్టు జారినప్పుడు వాద్యాలు తగ్గి, మళ్లీ ఎగిసినప్పుడు కోరస్ విరుచుకుపడుతుంది. రెండో భాగం విశ్రాంతికి ముందు పట్టాభిషేక ఘట్టం మరొకటి. సింహాసనం భల్లాలదేవుడిది, జనం గుండె బాహుబలిది. రాజు పేరిట మోగే వాద్యాల కంటే సేనాని పేరిట లేచే జనఘోష పెద్దదైపోతుంది, ఆ ఘోషలో కోరస్ కలిసిపోతుంది. కథలోని రాజకీయమంతా ఆ రెండు ధ్వనుల తేడాలోనే వినిపిస్తుంది. ఈ చిత్రాల నేపథ్య సంగీతం పాటల నుంచి వేరుగా, సంపుటాలుగా విడుదలైంది.

‘ఆర్ఆర్ఆర్’ (2022). కొరడా దెబ్బల మధ్య వచ్చే ‘కొమురం భీముడో’ సుద్దాల అశోక్‌తేజ రచన, గానం కాలభైరవ. ఒంటరి గొంతుతో మొదలవుతుంది. తీగవాద్యాలు దాన్ని తొక్కేయకుండా వెన్నంటి నడుస్తాయి. చివరికి జనం తిరగబడే సమయానికి ఆ ఒక్క గొంతూ ఆర్కెస్ట్రా అయిపోతుంది. సంస్కృత కోరస్‌తో సాగే ‘రామం రాఘవం’ దీనికి మరో కొస. అడవి గొంతు ఒకవైపు, విల్లు పట్టిన వీరుడి స్తుతి ఒకవైపు. ఇద్దరు నాయకుల స్వభావాలు సంగీతంలోనే విడివిడిగా తెలుస్తాయి.

‘మగధీర’ (2009), ‘ఛత్రపతి’ (2005), ‘విక్రమార్కుడు’ (2006) కీరవాణి సంగీతంలో అభిమానులు కంఠతా పట్టినవి. మణిశర్మ సంగీతంలో ‘ఒక్కడు’ (2003), ‘అతడు’ (2005) ఘట్టాలకు ప్రత్యేక శ్రోతలున్నారు. ఇళయరాజా ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990), ‘ఆదిత్య 369’ (1991), ‘శ్రీరామరాజ్యం’ (2011) మూడు తరాలను కలిపి వినిపించగలవు.

ఎందుకు వింటారు

మొదటి కారణం జ్ఞాపకం. పాట విన్నప్పుడు పాట గుర్తొస్తుంది. బీజీఎం విన్నప్పుడు సినిమా అంతా గుర్తొస్తుంది, ఎవరితో కలిసి చూశామో కూడా గుర్తొస్తుంది. నాలుగు స్వరాల్లో ఒక సాయంత్రం తిరిగొస్తుంది.

రెండోది ఎదురుచూపు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇష్టమైన సంగీతంలో ఒళ్లు జలదరించే క్షణాన మెదడులో డోపమిన్ విడుదలవుతుందని, ఆ క్షణం రాబోతోందని ఎదురుచూసేటప్పుడు కూడా మెదడులోని మరో భాగంలో అది విడుదలవుతుందని తేల్చారు. తెలిసిన బీజీఎంను నూరోసారి విన్నా విసుగు పుట్టకపోవడానికి ఇదొక సమాధానం. డప్పు ఎక్కడ ఆగుతుందో, బాకా ఎక్కడ అందుకుంటుందో తెలిసినకొద్దీ ఆనందం పెరుగుతుంది.

మూడోది మాట అడ్డు లేకపోవడం. పాట ఒక భావాన్ని మాటల్లో ఖాయం చేస్తుంది. వాద్యసంగీతం వినేవారికి చోటు వదులుతుంది. యుద్ధఘట్టపు సంగీతాన్ని పరీక్షకు చదివే కుర్రాడు తన పట్టుదలగా వింటాడు, వ్యాయామం చేసేవారు తమ ఊపిరిగా వింటారు. భాష తెలియని దేశాలకు ‘బాహుబలి’ చేరడంలోనూ ఇది సాయపడింది.

నాలుగోది శరీరం. చెల్లోలు, డప్పులు, బాకాలు పలికే మంద్రస్థాయి చెవితో పాటు ఛాతీకి కూడా తగులుతుంది. మంచి థియేటర్లో ఆ ప్రకంపనను అందరూ కలిసి అనుభవిస్తారు. ఈలలు, కాగితాల జల్లు ఆ ఉమ్మడి ఆనందంలోంచే పుట్టాయి.

ఐదోది వేడుక. పెళ్లిమండపంలోకి వధూవరులు నడిచొచ్చేటప్పుడు, కాలేజీ వార్షికోత్సవంలో జ్యోతి వెలిగించేటప్పుడు, ఊరేగింపులో బ్యాండు మేళం అందుకునేటప్పుడు ఇప్పుడు పాట కంటే బీజీఎం ముందుంటోంది. మనిషి బతుకులో పెద్ద ఘడియకు పెద్ద సంగీతం కావాలనిపించడం సహజం. ఒకప్పుడు ఆ అవసరాన్ని సన్నాయి, డోలు తీర్చేవి. ఇప్పటికీ తీరుస్తున్నాయి, ఆర్కెస్ట్రా వాటి పక్కన చేరింది.

కచేరీ వేదికలపై

సినిమా నడుస్తుండగా దాని సంగీతాన్ని వేదిక మీద ప్రత్యక్షంగా వాయించే కచేరీలు పాశ్చాత్య నగరాల్లో ప్రాచుర్యం పొందాయి. చిత్రంలోంచి సంగీతాన్ని తీసేసి మాటలు, చప్పుళ్లు మాత్రం ఉంచుతారు. నిర్వాహకుడు తెరనూ కాలసూచికనూ చూస్తూ బృందాన్ని నడిపిస్తాడు. ఒక్క క్షణం తప్పినా కత్తి దెబ్బ ఒకచోట, డప్పు దెబ్బ మరోచోట పడతాయి. 2019 అక్టోబరు 19న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ‘బాహుబలి: ది బిగినింగ్’ ఇలా ప్రదర్శితమైంది. 2025 మేలో ‘ఆర్ఆర్ఆర్’ అదే హాలుకు వెళ్లింది. 1871లో తెరిచిన ఆ హాల్లో తెలుగు సినిమాకు వాద్యకారులు తోడు వాయించారు. 2025లోనే మార్చి 8న ఇళయరాజా తన సింఫనీ ‘వాలియంట్’ను లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వినిపించారు.

వినే పద్ధతి, భద్రత

నేపథ్య సంగీతాన్ని లోతుగా వినాలనుకునేవారికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఇష్టమైన సన్నివేశాన్ని ముందు శబ్దం ఆపేసి చూడాలి. తరవాత కళ్లు మూసుకుని శబ్దం మాత్రం వినాలి. మూడోసారి రెండూ కలిపి చూస్తే, సంగీతం ఎక్కడ మొదలైందో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. మంచి స్వరకర్త ప్రతిభ వాయించిన చోట ఎంత ఉంటుందో ఆపిన చోటా అంతే ఉంటుంది.

తెలుగులో ఈ సంగీతానికి తగిన భద్రత ఇంకా ఏర్పడలేదు. పాటలు రికార్డులుగా, క్యాసెట్లుగా మిగిలాయి. పాత చిత్రాల నేపథ్య సంగీతాన్ని చాలావరకు సినిమా ప్రతుల్లో, మాటల వెనకే వినవలసి వస్తోంది. స్వరకర్తల చేతిరాత నొటేషన్లు, వాద్యకారుల పేర్లు ఒకచోట చేర్చి పెడితే రేపటి విద్యార్థులకు అవి పాఠ్యగ్రంథాలవుతాయి. నిర్మాతలు, ఆడియో సంస్థలు, విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు కలిసి ఈ పని చేపట్టాలి. శ్రోతలు చేయగలిగిందీ ఒకటుంది. పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు అని అడగడం మనకు అలవాటే. వయొలిన్ ఎవరు వాయించారు, వేణువు ఎవరిది అని కూడా అడుగుదాం. అడిగేవారుంటే ఆ పేర్లు తెర మీదికి వస్తాయి.